ఖాళీ మేకు

నవంబరు గురువారం, సాయంత్రం ఐదున్నర.
హంబర్ నది మీంచి వచ్చే గాలికి
మా కాలేజీ వాకిలి తలుపు ఎన్నడూ పూర్తిగా మూతపడదు.
ఇరవై ఆరేళ్ళుగా దాని బందులకి నూనె పోసేది నేనే.

నడవా గోడ మీద మా పాత విద్యార్థులు.
నలభై రెండు ఫోటోలు, నలభై మూడు మేకులు.
ప్రతి ఫ్రేమూ రసమట్టం పెట్టి చూసి తగిలించిందే.
గెలిచినవాళ్ళు వంకరగా వేలాడకూడదంటుంది ప్రిన్సిపాల్.

విన్‌ఫ్రెడ్ ఒసెయి. చరిత్ర, లా, ఫ్రెంచి. ఇప్పుడు జడ్జి.
నాకు గుర్తున్నది మాత్రం
వెనక మెట్ల మీద రోజూ ఒక్కతే కూచుని
ఉడికిన గుడ్డు పెంకు ఒలుచుకునే పిల్ల.

ఫిలిప్పా లీక్. లెక్కలు, ఫిజిక్సు, మళ్ళీ ఇంకొన్ని లెక్కలు.
నడిసముద్రంలో గాలిమరలు నిలబెడుతోంది.
మొదటి పరీక్షలో తనకెన్ని మార్కులొచ్చాయో
ఫోటో కింద రాయలేదు.
నాకు తెలుసు.
ఆ కాగితం ముక్కలు ఊడ్చింది నేను.

హాల్లో బల్లలు వేశాను, సబ్జెక్టుకొకటి.
సైకాలజీ ముందు తిరునాళ్ళ.
జియాలజీ మేష్టారు
తన రాళ్ళు తనే తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు.

పదహారేళ్ళప్పుడు ఇదే హాల్లో
నేను భూగోళం వరుసలో నిలబడ్డాను.
నదులంటే ప్రేమ ఉండి కాదు,
ఆ వరుస పొట్టిదని.
ఏడాదిన్నర పాటు ఒకటే బొమ్మ గీశాను:
నది అడ్డదారి పట్టి పోయాక
పాత వంపులో మిగిలిపోయే చంద్రవంక చెరువు.
పరీక్ష దాకా ఆగలేదు. రేవులో పని దొరికింది.
తర్వాత రేవే దొరకలేదు.

ఆరు దాటాక వచ్చారు తల్లీ కూతురూ.
తల్లి కాళ్ళకి చేపల ఫ్యాక్టరీ తెల్ల బూట్లు.
కూతురు ఉగ్నె, ఆమెకి లిథువేనియన్‌లో
ఒక్కో బల్లా అర్థం చెబుతోంది.
ఫారంలో మూడు గళ్ళు.
కెమిస్ట్రీ, బయాలజీ, కుదురైన అక్షరాలు.
మూడో గడిలో రాసి చెరిపి, రాసి చెరిపి
కాగితం ఉల్లిపొరయింది.

ఈ గోడ ముందు అందరూ పేర్లు చదువుతారు.
ఆ పిల్ల అడిగింది:
"ఈ మేకు ఎవరిది?"

మార్కస్ డౌజ్‌ది.
జలాంతర్గాముల ఇంజినీరు.
పదకొండేళ్ళు మా గోడకి మకుటం.
ఒక వానరోజు తనే వచ్చి
"నేనిప్పుడా పని చెయ్యట్లేదు,
ఆ కుర్రాణ్ణి దించెయ్యండి" అన్నాడు.
నేను తనని దించుతుంటే
నిచ్చెన పట్టుకున్నది తనే.

"ఇప్పుడేం చేస్తాడు?"
ఇంటింటికీ తిరిగి పియానోలు శ్రుతి చేస్తాడు.
"దానికే సబ్జెక్టు తీసుకోవాలి?"
ఏమో. తీగల దగ్గర
ఫిజిక్సు పనికొస్తోందని మాత్రం అన్నాడు.

కొత్త ఫోటో ఎవరూ అడగలేదు.
మేకు పీకెయ్యమన్నారు.
పీకితే గోడ పెచ్చు ఊడుతుందని చెప్పాను.
అబద్ధమే.

ఉగ్నె ఇదంతా తల్లికి చెప్పింది.
ఎక్కడ నవ్వొచ్చిందో, ఆమె ఒక్కసారి పకపకా నవ్వింది.
తడిసిన ఉన్ని టోపీ తీసి
ఆ మేకుకి తగిలించి
ఫారం మీదికి వంగింది.
వేలు పెట్టి ఏదో చూపించింది.
పిల్ల తల అడ్డంగా ఊపింది,
తర్వాత నిలువుగా.
మూడో గడిలో ఏం పడిందో
వాళ్ళ వీపులు నన్ను చూడనివ్వలేదు.

ఎనిమిదింటికి బల్లలు మడిచాను.
జియాలజీ మేష్టారు రాళ్ళు సంచిలో వేసుకుని
గుడ్‌నైట్ చెప్పి వెళ్ళాడు.
దీపాలార్పుతూ నడవాలోకి వస్తే
టోపీ అక్కడే ఉంది, చుక్క చుక్కగా కారుతూ,
జడ్జికీ గాలిమరలకీ మధ్య.
కొంచెం ఎడమకి ఒరిగినట్టనిపించింది.

అలవాటు చెడ్డది.
జేబులోంచి రసమట్టం తీశాను.