ఈ నంబరు ఎవరిది

ఏడు, నాలుగు, మూడు, తొమ్మిది, అయిదు, రెండు.
సెకనుకొక అంకె చొప్పున చదివాను,
శిక్షణలో నేర్పినట్టే
గొంతులో ఎత్తుపల్లాలు లేకుండా.

త్సియాలా వెంటనే అప్పజెప్పలేదు.
ఒడిలో అక్రోటు పప్పులు,
వాటిని దారానికి గుచ్చుతున్న సూది ఆపి
"ఎవరిదమ్మా ఈ నంబరు?" అంది.

ఎవరిదీ కాదు. యంత్రం కలిపిచ్చిన అంకెలు.

"ఎవరిదీ కానిది
నా దగ్గరెందుకు ఉంటుంది?"

తిబిలిసీ టెలిఫోన్ కేంద్రంలో ముప్పై ఒక్క ఏళ్ళు.
చెవులకి నల్ల తొడుగు, ఎదురుగా చిల్లుల పలక.
కుతాయిసీ కావాలన్నవాళ్ళని కుతాయిసీకి
బతూమీలో మొగుడున్నవాళ్ళని బతూమీకి కలిపి
మధ్యలో తాను లేనట్టే
ఊపిరి బిగబట్టి కూర్చున్న మనిషి.
ఆ కేంద్రంలో ఇప్పుడు కోట్లు అమ్ముతున్నారు.
నంబర్లు మాత్రం ఎక్కడికీ పోలేదు.
రాత్రిపూట తెరిచుండే మందులషాపు,
ఒపేరా టికెట్ల కిటికీ,
పిల్లలకి జ్వరమొస్తే లేపాల్సిన డాక్టరు.
అడిగితే చాలు, నోటికి వచ్చేస్తాయి.
అవతల ఎత్తేవాళ్ళే లేరు.

నా కాగితాల్లో దీనికి వేరే మాటలున్నాయి.
తాత్కాలిక స్మృతి. ఓ ఏడు గళ్ళు, అటూ ఇటూగా.
ఇరవై సెకన్లు, ఆపైన తడిపలక మీద రాత.
చెవి వెనక, బాగా లోపల,
సముద్రపు గుర్రంలా వంపు తిరిగిన చిన్న ముద్ద
పగటిని నిద్రలో మళ్ళీ నెమరేసి
ఉంచాల్సింది ఉంచుతుందట.
ఏది ఉంచాలో దానికెవరు చెబుతారో
ఆ పేజీలో లేదు.

ఆమె దారాన్ని ద్రాక్షపాకంలో ముంచి
కిటికీ చువ్వకి వేలాడదీసింది.
"రేపు మళ్ళీ ముంచాలి. ఎల్లుండి ఇంకోసారి.
తొందరపడి ఇవాళే పదిసార్లు ముంచావనుకో,
జారి గిన్నెలోనే పడుతుంది."

వారం తర్వాత వెళ్ళాను.
నేను అడగకముందే, గుమ్మంలోనే అంది:
"పాపం, అతని కాలు ఇంకా నయం కాలేదు."
ఎవరి కాలు?
"నువ్విచ్చిన నంబరాయనది."

మా భాషలో లెక్క ఇరవైల మీద నడుస్తుంది.
డెబ్భై నాలుగు అనం,
మూడిరవైల పధ్నాలుగు అంటాం.
మూడిరవైల మెట్లెక్కితే అంబ్రోసి రొట్టెల కొట్టు,
పధ్నాలుగేళ్ళ కొడుకు గెలా పిండి మోస్తాడు.
పొద్దున్నే ఇరవై రొట్టెలు ఆసుపత్రికి,
పందొమ్మిది చుట్టుపక్కల వాళ్ళకి.
రెండిరవైల పన్నెండో ఏట
మంచుపట్టిన మెట్ల మీద జారి మోకాలు విరిగింది.

ఆరుకి ఆరు అని వేశాను.

ఆ సాయంత్రం మెట్రో దగ్గర నా ఫోన్ చచ్చిపోయింది.
ఎవరో పెద్దాయన తన ఫోన్ చేతికిచ్చాడు.
అమ్మ నంబరు
మొదటి మూడంకెల దాకా వచ్చి నిలబడిపోయింది.
నా జేబులో ఉంది. నాలో లేదు.
"తప్పు నంబరు" అని అబద్ధమాడి తిరిగిచ్చేశాను.
సొలొలాకీ మీదుగా నడుస్తూ
ఎత్తైన మెట్లదారి కనిపిస్తే ఎక్కాను.
లెక్కపెట్టాను కూడా.
అరవయ్యో మెట్టు దగ్గర గోడ, ఒక పిల్లి.
కాలిన పిండి వాసన మాత్రం
ఎక్కడి నుంచో వచ్చింది. నిజంగా వచ్చింది.

ఆఖరి పరీక్ష వసంతంలో.
చువ్వలు ఖాళీ, అన్నీ కోసి పంచేసిందట.
అదే నంబరు మళ్ళీ చెప్పమన్నాను.

"ఏడు, అయిదు" అని మొదలుపెట్టింది,
చెయ్యి తిరిగిన మనిషి ధీమాతో,
"మూడు, తొమ్మిది, అయిదు, రెండు."

ఏడు, నాలుగు కదా బెబో, అన్నాను మెల్లగా.

నా వంక జాలిగా చూసింది.
"శీతాకాలంలో గెలాకి పుట్టినరోజు వెళ్ళింది.
పదిహేనొచ్చాయి వాడికి."

ఆరుకి అయిదు అని వెయ్యాలి.
పిల్లాడు పెరిగాడని రాయడానికి
నా కాగితంలో గడి లేదు.

పెన్ను మూతపెట్టి
"చదువుకుంటున్నాడా?" అని అడిగాను.