నీడతుడుపు

ట్రామ్సోలో నవంబరు చివర.
సూర్యుడు చెప్పాపెట్టకుండా పోలేదు,
తేదీ వేసి మరీ పోయాడు.
ఇక జనవరి నడిమి దాకా ఈ ఊళ్ళో
మనిషికి సొంత నీడ లేదు,
దీపస్తంభాలు అప్పిచ్చినవి తప్ప.

రేవు పక్క ఆఫీసు, మూడో అంతస్తు.
సున్నివా ముందు ఒక పని చీటీ:
బ్రౌజరు బొమ్మలు గీసే పలకలోంచి
ఒక మాట తీసెయ్యాలి.

గీతకి నీడ వేసే పలక అది.
నీడ రంగెంత, మసకెంత,
పక్కకెంత, కిందకెంత, నాలుగు మీటలు.
రంగులో సాంద్రత సున్న చేస్తే చాలు, నీడ మాయం.
అదే పనికి ఎప్పటిదో ఇంకో మాట,
'నీడతుడుపు'.
లోపలికెళ్ళి చూస్తే అదీ ఈ మీటనే తిప్పుతుంది.
ఒకే తలుపుకి రెండో గొళ్ళెం.

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు గానీ
ఇవి పదిహేనేళ్ళు ఇమిడాయి.
కొత్తగా చేరిన ప్రతివాడూ అడుగుతాడు
ఈ రెండిటికీ తేడా ఏమిటని.
ఏమీ లేదని చెప్పడానికి అరగంట పడుతుంది.

ముందు హెచ్చరిక.
మూడు విడుదలల పాటు
ఆ మాట పలికిన ప్రతి పేజీ చెవిలో
పసుప్పచ్చ వాక్యం ఒకటి:
ఇది ఇక ఉండదు, మీట వాడుకోండి.
ఎవరూ చదవలేదు.
లిఫ్టులో అతికించిన చీటీని ఎవరు చదివారు గనక.

లెక్క పెట్టారు.
పది లక్షల పేజీల్లో మూడు.
మూడంటే తక్కువే,
ఆ మూడూ ఎవరివో తెలియనంత సేపు.

ఒకటి ఖాళీ పేజీ.
ఒకటి ఎవరో సగం చేసి వదిలేసిన చదరంగం.
మూడోది సెన్యా దీవిలో అస్లౌగ్‌ది,
బళ్ళో లెక్కలు చెప్పి విరమించుకున్నావిడ,
పడవలవాళ్ళ కోసం పోటుపాట్ల పట్టిక గీస్తుంది.
అల గీతకి నీడ వేసి,
అంకెలు రాసేముందు తుడుస్తుంది.
రేపు ఆ మాట దొరక్కపోతే
పేజీ అక్కడే ఆగిపోతుంది.
సముద్రం కనిపిస్తుంది,
ఎంత లోతో కనిపించదు.

సున్నివా ఉత్తరం రాసింది. వారం దాకా ఉలుకూ పలుకూ లేదు.
ఎనిమిదో రోజు ఫోను:
"తీస్తే తియ్యమ్మా.
కొత్తది అక్షరం అక్షరం చెప్పు, పెన్సిలుంది."
చెప్పింది.
అవతల పెన్సిలు కాగితాన్ని గీరుతున్న చప్పుడు.
"ఇంతేనా?"
"ఇంతే."
"మరి అప్పుడే ఇలా ఎందుకు పెట్టలేదు మీరు?"

అప్పుడు పెట్టనివాడు ఐలిఫ్, పక్క గదిలోనే ఉన్నాడు.
పదిహేనేళ్ళ కిందటి మార్పు పక్కన
అతని మాటే ఇంకా ఉంది:
తొందరలో పెట్టాను, తర్వాత చూద్దాం.

తర్వాత అనేది ఇవాళ అతని బల్ల మీదికొచ్చింది.
నలభై ఒక్క ఎర్ర గీతలు,
ఆకుపచ్చది ఒక్కటీ లేదు.
చూసినవాడి అంగీకారం కావాలి.

మా తెలుగులో బండి ఱ అని ఒకటుండేది.
ర పక్కనే, ర లాగే పలుకుతూ.
ఒకప్పుడు తేడా ఉండేదట, చెవులు మరిచిపోయాయి.
దానికెవరూ వీడ్కోలు సభ పెట్టినట్టు లేరు.
అచ్చు కూర్చేవాడి అరలో
ఒక గడి ఖాళీ అయివుంటుంది,
అందులో అగ్గిపెట్టె పెట్టుకుని ఉంటాడు.

ఐలిఫ్ కాఫీ చల్లారేదాకా చూశాడు.
రాసింది ఒకటే వాక్యం:
పరీక్ష ఫైలు మరిచిపోయావు, అదీ తీసెయ్.
ఆ తర్వాత, సరే.

తీసేసిన రోజు ఏమీ కాలేదు.
ఏమీ కాకపోవడానికే నాలుగు నెలలు పట్టింది.
ఎవరో కేకు తెద్దామన్నారు, తేలేదు.

ఐలిఫ్ మంచు తొక్కుతూ బస్సు దాకా నడిచాడు.
రెండు దీపాల నడుమ కాసేపు
అతనికి రెండు నీడలు,
ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి.
బస్సొచ్చింది. ఎక్కాడు.

సెన్యాలో ఆ రాత్రి పోటు
నాలుగూ పదికి,
రెండు మీటర్ల పదకొండు.
అంకెలు శుభ్రంగా పడ్డాయి.