చూడలేదని సంతకం

పత్తికొండ మార్కెట్ యార్డు పక్కన
టమోటాలకని మా నాయన తరం
అడిగీ అడిగీ అలిసిపోయిన కోల్డ్ స్టోరేజీ
ఆఖరికి వచ్చింది.
టమోటాలకు కాదు.
అందులో మనుషుల వివరాలు పెట్టినారు.

బయట గంపల్లో కాయ మెత్తబడి
రోడ్డు మీద పారబోస్తుంటారు, ఇప్పటికీ.
లోపల పద్దెనిమిది డిగ్రీల చలిలో
జిల్లా మొత్తం జ్ఞాపకం,
ఒక్కటి కూడా కుళ్ళదు.

నేను అక్కడ గుమాస్తాను.
రెండో కిటికీ. మరుపు దరఖాస్తులు.

సర్కారు మంచిదే, ఆ మాట చెప్పాలి.
ఎవరి వివరం వాళ్లదని చట్టం చేసింది,
పోయినవాళ్లది వారసులది.
చూసుకోవచ్చు, లేదంటే చెరిపించుకోవచ్చు.
రెండూ కుదరవు.
చెరిపాక గుమాస్తా
"నేను చూడలేదు" అని సంతకం పెట్టాలి.
చూడకుండా ఎవరిదో ఎట్ల తెలుస్తుందని
నేనొకసారి పైకి రాశాను.
జవాబు రాలేదు.
అడిగినట్టు మాత్రం నమోదయింది.

మొన్న రిటైరైన ఎస్సై మద్దిలేటి వచ్చి
తను ఎన్నిసార్లు నవ్వినాడో చూపించమన్నాడు.
ఏడాదికి నాలుగు, ఒక ఏడు రెండే.
కాసేపు బల్ల మీద కూర్చుని
చెరపమనకుండానే వెళ్ళిపోయాడు.

హుసేనమ్మ వచ్చింది జూన్‌లో,
తొలివాన పడిన మర్నాడు.
ఆ రోజు ఊర్లో సగం మంది ఉండరు.
తుగ్గలి, జొన్నగిరి చేలల్లో నడుములు వంచి
వజ్రం కోసం మట్టి చదువుతుంటారు.
ఆఫీసులో ఆమె, నేను, మిషన్ల రొద.

మొగుని పేరు దూదేకుల దస్తగిరి.
పరుపులు కుట్టే పని.
పోయి నలభై రోజులు దాటింది.

తెర మీద ఆయన తెరుచుకున్నాడు.
అప్పులు, షుగరు, బస్సు టికెట్లు,
రాత్రి రెండింటికి లేచి
ఎన్ని గ్లాసులు నీళ్లు తాగిందీ.
ఏటా తొలివానకు వజ్రాలకు పోయేవాడని
దరఖాస్తులో ఆమె రాయించింది.
తెర మీద పదకొండు జూన్లు.
ఆకుపచ్చ చుక్క.
ఆ చుక్క చేలో లేదు.

నేను కళ్ళు తిప్పుకున్నా.
తిప్పుకున్న సంగతి పైనున్న కెమెరాకు తెలుసు.

"చూస్తావా అమ్మా, చెరపాలా?"

సంచిలోంచి వక్కాకు తీసి
మళ్ళీ లోపల పెట్టుకుంది.
"సూసేదేముందప్పా.
వజ్రాలకు పోయినోని చెప్పులకు
ఒక్క ఏడన్నా ఎర్రమన్ను అంటల్ల కదా.
కడుగుదామని చెంబు పట్టుకోని నిలబడుతుంటి.
కడిగేదానికి ఏమీ ఉండేది కాదు.
నాకు తెలుసు.
నాకు తెలుసని ఆయప్పకు తెలుసు.
అట్లే సంసారం చేసినాం."

మిషన్ల రొదలో కాసేపు ఆగి,
"మనవరాలు రేపు పెద్దదయితాది.
అవ్వ కన్నా ముందు సర్కారు చెప్పకూడదు.
చెప్పేదుంటే నేనే చెప్తా.
చెప్పకుంటే అదీ నేనే."

బొటనవేలు అద్దింది.
మూడోసారికి మిషన్ ఒప్పుకుంది.
తెర మీద ఒక గీత మెల్లగా నిండింది.
అరవై మూడేళ్ల మనిషికి
ఆరు సెకండ్లు పట్టింది.

"ఇంగ ఎవరికీ తెలీదు కదా?"
"తెలీదమ్మా."
"నీకు?"

కాగితం నా ముందే ఉంది.
"నేను చూడలేదు", అచ్చేసిన మాట,
దాని కింద చుక్కల గీత.
నేను పెన్ను వెతుకుతుంటే
ఆమె నా ముఖం చూస్తోంది
చెప్పులను చూసినట్టు.

సంతకం పెట్టాను.

సంచి చంకన పెట్టుకుని లేచింది.
తలుపు తీస్తే ఎండ, మురిగిన టమోటాల వాసన
ఒక్కసారిగా లోపలికొచ్చాయి.
గడప మీద ఆగి
"మంచిది నాయనా" అంది.
"ఆయప్ప కూడా అట్లే చెప్తుండె,
ముఖం కదలకుండా."