కసువు

మునిసిపాలిటీ కాయితంలో చెత్త అని ఉంటాది.
మా నోట్లో మాత్రం కసువే.

బుధవారపేట సందు మొదట్లో
బండి ఆపి హారన్ కొడతాడు మద్దిలేటి.
డిగ్రీ చదివినోడు, తెలుగు మెయినంట.
ఒకదినం స్టీరింగు మీద గడ్డమానించి చెప్పినాడు:
"అక్కా, పాత పద్యాల్లో కసువంటే గడ్డి.
ఆవులు మేసేది."
సందు చివర చూపించినా.
బూడిదరంగు ఆవొకటి
ఇడ్లీ పార్సిలు నములుతాంది,
చట్నీ ఉన్నంతసేపు కాదు, కవరు అయిపోయేదంక.
"ఇప్పుడూ అదే కదప్పా" అన్నా.
మద్దిలేటి మాట్లాడకుండా గేరు మార్చినాడు.

నాకు అచ్చరం రాదు గానీ
ఈ సందులో ముప్పై ఆరిండ్లు చదువుతా.
నీలం గేటాయనకు జీతం ఏడో తేదీ,
ఎనిమిదో తేదీ పొద్దన్నే కోడి ఎముకలు.
మిద్దె మీది పిల్లోడు సిగరెట్లు మొదులుపెట్టినాడు,
వాళ్లమ్మకింకా తెల్దు.
ఖాసింబీ ఇంట్లో తడి వేరే, పొడి వేరే,
ఉల్లిపొట్టు కూడా విడిగా, ఎందుకో.
ఎదురింటి ఇంజినీరు మాత్రం
అన్నం, గాజుపెంకు, పాప డైపరు
ఒకే కవర్లో కుక్కి ముడేస్తాడు
పెండ్లిముడి మాదిరి, ఇప్పడానికి రాకుండా.

పదిహేడో నంబరింటి కసువులో
వారానికి రెండుతూర్లు ఒక టూత్‌పేస్టు డబ్బా వచ్చేది.
చుట్టూ దారం, దారం కింద చీటీ.
మద్దిలేటి చదివినాడు:
"సూది ఉంది. జాగ్రత్త."
చక్కెరజబ్బు సూదులు.
ఇంకోతూరి: "సూదితో పాటు గాజుపెంకు. చెయ్యి పెట్టొద్దు."
నా చేతికి గుడ్డ కట్టుకొని తిరిగిన వారం:
"ఈరోజు సూది లేదు. నీ చెయ్యి నయమైందా?"

పన్నెండేండ్లలో
కసువు నన్ను పలకరించింది
ఆ ఒక్కతూరే.
రాసినోళ్లను ఎప్పుడూ చూడలా.
ఆడమనిషో, మొగమనిషో,
ఏ కిటికీ సందునుంచి చూసినారో.
అచ్చరం గుండ్రంగా ఉంటాదంటాడు మద్దిలేటి, అంతే.

రోహిణికార్తెలో చీటీలు నిలిచిపోయినాయి.
బకెట్ నిండుగానే వస్తాంది.
మూడో దినం కవరు ఎత్తుతాంటే
బొటనేలు పక్కన సూది దిగింది.
గ్లౌజులా? ఇచ్చి ఎనిమిది నెలలైంది,
ఇప్పుడవి వేళ్లకు కిటికీలు.

తలుపు కొట్టినా. బనీన్లో ఒకాయన వచ్చినాడు.
"ముందుండినోళ్లు నంద్యాలకు మారినారు.
మేం కొత్తగా దిగినాం. మా నాయనకు షుగరు.
ఏం, డబ్బులా?"

పెద్దాసుపత్రిలో లైను కట్టి
సూదికి సూదే వేయించుకున్నా.
మూడు నెలలాగి మళ్లీ రక్తం చూపించుకోమన్నారు.

తిరిగొస్తా హంద్రి బ్రిడ్జి మీద నిలబడినా.
బైకు ఆపకుండానే ఎవరో కవరు విసిరినాడు,
చెయ్యి విదిలించినంత తేలిగ్గా.
వరదొచ్చిన ఏడు ఇదే ఏరు
మనమేసిందంతా ఎత్తుకొచ్చి
ఇంటింటికీ, మిద్దె మిద్దెకూ దించిపోయింది.
హారన్ కూడా కొట్టలా.

చీటీలు నేను పారెయ్యలా.
పంతొమ్మిదున్నాయి, రేషన్ కార్డు కవర్లో.
సూది అనే మాట అన్నిట్లో ఉంటాది కాబట్టి
దాని ముకం నాకు గుర్తే.

ఈ పొద్దు సుద్దముక్క తీసుకొని
పదిహేడో నంబరు బకెట్ మూత మీద గీసినా.
చెయ్యి వణికింది, పరక పట్టినప్పుడు వణకని చెయ్యి.
మద్దిలేటి బండి దిగొచ్చి చూసినాడు.
"అక్కా, దీర్ఘం మర్చినావు. సుది అని పడింది."
"గుచ్చుకుంటాదా లేదా?" అన్నా.

బండి కదిలింది.
పద్దెనిమిదో ఇంటి ముందు
మళ్లీ హారన్.