నూనె మట్టం

డబ్బా మూత తియ్యకు, ఎర్మెలిందా.
ఆ బల్ల మీద పెట్టి ఇలా పొయ్యి దగ్గరికి రా.
బ్రగాంసలో ఇవాళ తెల్లారేసరికి మైనస్ ఆరు,
నీ వేళ్లలో రొట్టెల వేడి ఎప్పుడో దిగిపోయి ఉంటుంది.

ఐదు లీటర్లు, తొమ్మిది యూరోలు.
తెలుసు, నేనూ చూశాను.
సూపర్ మార్కెట్లో కుక్కల తిండి పక్కన గుట్టగా పేర్చారు.
డబ్బా మీద పరుగెత్తే గుర్రం,
కింద ఎక్కడో చీమతలకాయంత అక్షరాల్లో
పదిహేను డబ్ల్యూ నలభై.

మీ మామ పాత బండికైతే నేనే పోసేవాణ్ని.
రాళ్లు తిని అరాయించుకునే కడుపు దానిది.
పొగ కక్కేది, కొండెక్కేది,
పోసింది ఏ ఊరి నూనె అని ఒక్కనాడూ అడగలేదు.
నీ బండి అలా కాదు.
దీని పొగగొట్టంలో తేనెపట్టు లాంటి జల్లెడ ఉంది,
వేల గదులు, గుండుసూది దూరేంత ఒక్కోటి.
మసి అందులో చేరుతుంది. చేరనీ.
పెద్ద రోడ్డెక్కి అరగంట ఏకబిగిన తోలితే
ఎర్రగా కాగి అదే కాలిపోతుంది.
బూడిద కాలదు.

మాంసానికి పొగపెట్టే గది మీ ఇంట్లోనూ ఉంది, నీకు చెప్పాలా?
గొట్టంలో మసి ఎప్పుడో ఒకనాడు మంటకి పోతుంది,
పొయ్యిలో బూడిదని మాత్రం చేటతో నువ్వే ఎత్తిపొయ్యాలి.
ఈ జల్లెడలో చేట పట్టే చోటు లేదు.
నూనెలో ఎంత బూడిద దాగుంటే అంతా
చుక్కచుక్కగా కాలి అక్కడికే వచ్చి
అక్కడే కాపురం పెడుతుంది.

ఇంకోటి.
పుల్ల తీసి చూస్తే మట్టం పెరిగిందన్నావు,
నూనె తాగని బండి దొరికిందని మురిసిపోయావు కూడా.
పిచ్చిదానా, నూనె ఎక్కడైనా పిల్లల్ని పెడుతుందా?
గడప గడపకీ ఆగుతావు, రొట్టె ఇస్తావు,
లోపల జల్లెడ కాలడం మొదలెడుతుంది, నువ్వు తాళం తిప్పేస్తావు.
దానికోసం చిమ్మిన డీజిల్ గోడల వెంట జారి
కింద నూనెలో కలుస్తుంది.
పాలల్లో నీళ్లు. గిన్నె నిండుగానే ఉంటుంది, మీగడ కట్టదు.
వాసన చూడు.
చూడమంటే చూడు.

ఇన్ని నీతులు నీకెక్కడివని నువ్వు అడగవు, మర్యాదస్తురాలివి.
ఆరేళ్ల కింద పశువుల డాక్టరు అడెలీను బండికి
పెద్ద పీపాలోంచి పోశాను, అందరికీ పోసినట్టే.
పుస్తకం తెరవలేదు. ముప్పై ఏళ్లు పాతబడిన చెయ్యి, పుస్తకం చూస్తుందా?
మూడో చలికాలం, ఓ రాత్రి, కొండ మీద
ఎవరిదో ఆవుకి దూడ అడ్డం తిరిగింది.
సగం దారిలో బండి పసుపు దీపం వేసి
ఊపిరి పట్టేసి
ఎద్దు నడకన ఎక్కింది.
ఆయన వెళ్లేసరికి దూడ లేదు.
నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.
కొత్త జల్లెడ డబ్బు నేనే కట్టాను.
ఆ పీపా ఇప్పుడు ట్రాక్టర్లకి.

ఇదిగో నీ బండి పుస్తకం, సీటు కింద దొరికింది,
అట్టకి పిండి అంటుకుని.
రెండొందల పదకొండో పేజీ.
ఐదు డబ్ల్యూ ముప్పై, సి మూడు,
దాని కింద కంపెనీవాడి సొంత అంకె.
మూడూ కలవాలి. ఒక్కటి కలిసిందని పెళ్లి చేసెయ్యం కదా.
నలభై రెండు యూరోలు. మొహం అలా పెట్టకు.
ఏడాదికోసారి అని రాశారు, నీ తిరుగుడుకి ఎనిమిది నెలలకే.
సగం ఇప్పుడివ్వు, మిగతాది రొట్టెల్లో తీర్చు,
రై పిండివి, అడుగు కాస్త మాడినవి.
ఎవరూ కొనరు, నాకవే ఇష్టం.

గుర్రం డబ్బానా? మూత సీలు సగం తీశావు, వాపసు తీసుకోరు.
ఇక్కడే వదిలెయ్.
వారం నుంచి గేటు కీలు కిర్రుమంటోంది.
దానికి జల్లెడ లేదు.