జామీను

ఈరక్క నన్నడిగిన మొదటి మాట:
"లోపల సంగటి పెడ్తారా మేడమ్?"

మేయో హాల్ కోర్టు మెట్ల మీద
సెక్షన్ నంబరు చెప్పబోతూ ఆగాను.
పెడతారమ్మా. ఇక్కడ ముద్దె అంటారు.

వర్తూరు దగ్గర పద్నాలుగో అంతస్తు లేస్తున్న సైటులో
నీళ్ల మోటారు పోయింది.
పగలంతా గోడ కట్టి
రాత్రి గేటు పక్కన సిమెంటు సంచుల మీద పడుకున్న కదిరప్ప
తెల్లారేసరికి ముద్దాయి.

అరెస్టు కాగితం కన్నడంలో ఉంది.
మూడో తరగతి దాకా చదివినవాడు.
ర కనబడింది, గ కనబడింది, మ, న కూడా.
పెళ్లిలో దూరపు చుట్టాల్లా పలకరించాయట.
క, త మాత్రం మొహం తిప్పుకున్నాయట.
"సగం తెలిసినోళ్లే గదా మేడమ్,
మిగతా సగమూ మంచోళ్లే అయ్యుంటారని ఏలు పెట్న్యా."

ఎందుకు పట్టుకున్నారో
అతనికి అర్థమయ్యే భాషలో చెప్పాలి.
ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి.
తన మీద తాను సాక్ష్యం చెప్పనక్కర్లేదు.
డబ్బుల్లేకపోతే సర్కారే లాయరునిస్తుంది,
అంటే నన్ను.
వేళ్లు మడిచి ఒక్కొక్కటే చెబుతుంటే
ఆమె నా గోళ్ల రంగు చూస్తోంది.

"గమ్మునుంటే తప్పు ఒప్పుకున్యట్లు కాదా?"
కాదమ్మా.
"మా ఊర్లో అట్లే అనుకుంటారు."
మౌనం అర్ధాంగీకారమని
మనవాళ్లే ఎవరో అన్నారు.
వాళ్లను ఎస్సై ఎప్పుడూ
బెంచీ మీంచి లేపి నేల మీద కూర్చోబెట్టి ఉండడు.

పన్నెండో రోజున బెయిలొచ్చింది.
మైసూర్‌పాక్ ఎప్పుడని బెంచి క్లర్కు నవ్వాడు.
ఆర్డరు రెండో పేజీ అప్పటికింకా నేనూ తిప్పలేదు:
ఇద్దరు పూచీదార్లు,
ఒక్కొక్కరికీ యాభై వేలకు తగ్గని ఆస్తి,
దాని పత్రాలు.

హూడిలో, వర్తూరులో, సర్జాపుర రోడ్డులో
కదిరప్ప కట్టిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి.
అతని కోసం పత్రం తెచ్చే ఇల్లు ఒక్కటీ లేదు.
మేస్త్రీ ఫోను స్విచాఫ్.
మడకశిర నుంచి వచ్చిన బావమరిది దగ్గర
రేషన్ కార్డు ఉంది, రెండు మేకలున్నాయి.
మేకల్ని రాసుకోరా అని అడిగాడు. నిజంగానే అడిగాడు.

ఇవాళ్టికి ముప్పై ఒకటో రోజు.
బెయిలు ఉంది, మనిషి పరప్పన అగ్రహారలో ఉన్నాడు.
షరతు తగ్గించమని మళ్లీ పిటిషన్ రాస్తున్నాను.
జామీను.
ఆ చివరి కాగితం మొత్తమ్మీద
ఈ ఒక్క మాటే అక్కడా ఇక్కడా ఒకటి.
ఈరక్కకు ఎవరూ విడమరచి చెప్పాల్సిన పని లేకపోయింది.

టిఫిన్ డబ్బా మూత నొక్కుతూ అంది:
"ఒక మాటడుగుతా, ఏమనుకోగాకండి.
మోటారు తీసినాడా ల్యాదా అని
ఇంగా ఎవురూ అడగల్యా గదా?"

అడుగుతారమ్మా. విచారణకు రావాలి, టైం పడుతుంది.

"అది సరే.
మీరు గూడా అడగల్యా."