మూడు ఉతుకులు

మా జేజి వాకిట్లోనే కూచోని
ముంతెత్తి ఈతకల్లు తాగేది.
కోత దినాలు. ఎవురూ ఏమనలా.

మాయమ్మ సుంకులమ్మ
ఉరవకొండ రోడ్డు మీద సారా పాకెట్లు కుప్పేసి
అగ్గిపుల్ల గీసింది.
ఆ కంపు చీరకు మూడు ఉతుకులైనా పోలా.
నాయనేమో కొట్టం ఎనక్కి మారినాడు, అంతే.
తెల్లారితే గాడిలో ఖాళీ సీసా,
ఎద్దు మూతి పెట్టకముందే
నేను తీసి పారేసేదాన్ని.

నిన్న అనంతపురంలో
కోడలు ఫ్రిజ్ తెరిచి, నా కొడుకు ముందరే,
"మీకూ కొంచెం పోయనా అత్తా?" అనింది.
ఊ అనలా. వద్దనలా.
చెనిక్కాయలు ఏంచుకొద్దామని లేచినా.

మూల మంచం మీంచి మాయమ్మ
ఆ గ్లాసు అడిగి తీసుకోని
వాసన చూసి,
ట్యూబులైటుకు అడ్డం పెట్టి చూసి,
నన్నడిగింది:
"ఇది అంటుకుంటాదా పాపా?"